బేతంచెర్ల బండల మీద బారాకట్ట

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అక్క కొడుకుతో బారాకట్ట ఆడి వరసగా నాలుగాటలు ఓడిపోయాను. వాడు చదివేది ఐదో తరగతి. తెలియనివాళ్ళకి చెప్పాలంటే బారాకట్ట మా రాయలసీమ అష్టాచెమ్మా. అరుగు బండ మీద బలపంతో గళ్ళు గీసుకుని, చింతగింజలు ఒకవైపు అరగదీసి వేసుకుంటూ ఆడతాం. మా బేతంచెర్లలో ఇంక దేనికైనా కరువుండొచ్చు గానీ గళ్ళు గీసుకోటానికి బండలకి మాత్రం కరువు లేదు. ఊరు బతికేదే బండల మీద. మీలో చాలామంది ఇళ్ళల్లో వరండాలో పరిచిన నాపరాయి మా ఊరిదే అయ్యుండొచ్చు, ఓసారి కిందికి చూసుకోండి :)

సరే, ఓడిపోయిన ఉక్రోషంలో "వీడు లెక్కల్లో దిట్టయి ఉండాలక్కా" అన్నాను. మా అక్క నవ్వింది. "ఆటలో బానే ఉంటాడ్రా. పుస్తకం తెరిస్తేనే ఏమైతాదో ఏమో. మొన్న పరీచ్చలో ఇరవైకి ఆరొచ్చినాయి" అంది.

నోటుబుక్కు తెప్పించి చూశాను. 402 లోంచి 178 తీసేయమన్న లెక్కకి 376 అని రాసి ఉంది. ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ మార్కు. కాసేపు చూస్తే అర్థమైంది, వాడు ప్రతి నిలువు గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. 8లోంచి 2 పోతే 6, 7లోంచి 0 పోతే 7, 4లోంచి 1 పోతే 3. ఆ పేజీలో తప్పయిన లెక్కలన్నీ ఇదే పద్ధతిలో తప్పాయి. మన భాషలో చెప్పాలంటే ఇది రాండమ్ ఎర్రర్ కాదు, పద్ధతిగా వచ్చే బగ్గు. నిజానికి ఈ మాట నేను సరదాకి అనటంలేదు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పిల్లల తీసివేతల్లోని తప్పుల్ని అచ్చంగా ప్రోగ్రాముల్లో బగ్గుల్లాగే జాబితా వేసి, ఒక పేపరే రాశారు. మావాడు చేసిన తప్పు అందులో బాగా పేరున్న బగ్గు.

అప్పుడు ఇంకో రకంగా అడిగాను. మా బావకి చిన్న బండల కటింగు షాపుంది. "ఒరే, నాయన దగ్గర 402 బండలున్నాయి, 178 లారీకి ఎత్తినారు. ఇంకెన్నుంటాయి?" అన్నాను. వాడు తలెత్తకుండానే "రెండొందల ఇరవై నాలుగు మామా" అన్నాడు. ఎట్లా చెప్పావురా అంటే, "నూట డెబ్బై ఎనిమిదికి ఇరవై రెండేస్తే రెండొందలు. ఆడికి ఇంక రెండొందల రెండు. రెండూ కలిపితే సరి" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బెంగుళూరు తిరిగొచ్చాక ఈ ఆటలతో చదువు అనే గోల మన దగ్గర ఎప్పట్నుంచి ఉందో, ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడ ఆగిపోయిందో చదవటం మొదలుపెట్టాను. చదువుతుంటే తేలిందేంటంటే, దీని చరిత్రలో మన ప్రాంతానికి చాలా పెద్ద పాత్రే ఉంది. మనకే తెలీదు.

1823లో బళ్ళారి కలెక్టరుగా ఎ.డి. కాంప్‌బెల్ అనే ఆయన ఉండేవాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఆయనే. మద్రాసు గవర్నరు మన్రో, జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమంటే, మిగతావాళ్ళు అంకెలు పంపి ఊరుకున్నచోట ఈయన బడి లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. (మా కర్నూలు అప్పటికింకా నవాబు కింద ఉంది, కంపెనీ చేతికి పోయింది 1839లో. అందుకని మా ఊరి లెక్క ఇందులో ఉండదు. పక్క జిల్లా కాబట్టి మా వీధిబడి కూడా ఇంచుమించు అట్లాగే ఉండేదని నేననుకుంటున్నాను.)

కాంప్‌బెల్ రాసిన వాటిలో నాకు భలే నచ్చింది ఒకటుంది. పొద్దున్నే అందరికంటే ముందు బడికొచ్చిన పిల్లాడి అరచేతిలో అయ్యవారు 'సరస్వతి' అని రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే పొగడ్తా లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అట్లా ఒక్కొక్కరికీ ఒక్కో దెబ్బ పెరుగుతూ పోతుంది. ఇప్పుడు మన ఆఫీసుల్లో బ్యాడ్జీలు, లీడర్ బోర్డులు పెట్టి గేమిఫికేషన్ అని పేరు పెట్టేవాళ్ళకి ఇది చూపించాలి. రెండొందల ఏళ్ళ కింద ర్యాంకింగ్ అల్గారిథమ్, పెనాల్టీతో సహా.

దాంతోపాటే, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి నేర్పే పద్ధతినీ, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించటాన్నీ కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని కాపీ కొట్టిందంటే కొట్టదగిందే అన్న ధోరణిలో రాశాడు. అది ఉత్త పొగడ్త కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా వెళ్ళిన ఆండ్రూ బెల్, అక్కడొక వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాయటం చూసి, తన దగ్గర ఎనిమిదేళ్ళ పిల్లాడి చేత మిగతావాళ్ళకి అక్షరాలు చెప్పించాడు. 1797లో లండన్లో పుస్తకం వేశాడు. దానికక్కడ 'మద్రాసు పద్ధతి' అని పేరు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో పేద పిల్లల బడులు చాలావరకు దీని మీదే నడిచాయి. అంటే మన అరుగు మీది ఇసుక, సముద్రం దాటి బ్రిటన్ దాకా పోయింది.

అలాగని పాత బడుల్ని నెత్తినెత్తుకోనక్కర్లేదు. అదే కాంప్‌బెల్ చదువురాని పిల్లల్ని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయటం గురించి కూడా రాశాడు. మనవాళ్ళు 'కోదండం' అనేది ఇదే. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెప్తారు గానీ వాటి అర్థం చాలాచోట్ల అయ్యవారికే తెలీదని కూడా అన్నాడు. ఇంకో అంకె చూడండి, ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది! దళితుల పిల్లలు ఆ అరుగు ఎక్కే ప్రశ్నే లేదు. కాబట్టి "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" బ్యాచ్ వాళ్ళు ఇక్కడే ఆగి కాసేపు ఆలోచించుకుంటే మంచిది.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెట్టి ఎంతమంది పాసయితే బడికి అంత గ్రాంటు అనే పద్ధతి మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. ఇన్సెంటివ్ ఎటుంటే సిస్టమ్ అటు పోతుందని మనకి వేరే చెప్పక్కర్లేదు. అప్పజెప్పటం ఉండిపోయింది, ఇసుకా పెద్దపిల్లలూ పోయారు. తర్వాత 1930లలో గుజరాతులో గిజూభాయి ఆటలూ కథలతో బడి ఎట్లా నడపొచ్చో రాశాడు. మన తెలుగులో అది 'పగటికల' పేరుతో వచ్చింది. 'రైలుబడి' చదివి కళ్ళు తుడుచుకున్న ప్రతివాళ్ళూ దీన్ని కూడా చదవాలి. 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీం. ఇవన్నీ మా బడి దాకా రాలేదు. ఒక్కసారే దాటేస్తున్నాను.

మా బడి దాకా వచ్చినవి రెండు.

ఒకటి 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక సామాను కిట్టు. ఆ కిట్టులో మ్యాపులు, సైన్సు సామాన్లతో పాటు బొమ్మలు, ఆటవస్తువులు కూడా ఉండేవి. నేను 1992లో ఒకటో తరగతిలో చేరాను, బేతంచెర్ల చుట్టుపక్కల ఒక పల్లె బడిలో. పేరు చెప్పను. ఆకుపచ్చ రంగు ఇనప పెట్టె ఒకటి మూలకి ఉండేది. ఐదేళ్ళలో అది మా ముందు తెరిచింది రెండుసార్లు, రెండుసార్లూ పై అధికారులు వచ్చిన రోజే. పూసల చట్రం చేతిలోకి తీసుకోబోతే "విరగ్గొడతావు, ఆడ పెట్టు" అన్నారు. సారుని తప్పుపట్టలేను. అది పోతే ఆయన జీతంలో కోత పడుతుందని భయం. ప్రొడక్షన్ సర్వర్ ముట్టుకోవద్దని మనం జూనియర్లకి చెప్పమూ?

రెండోది ఏపెప్. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వం డబ్బుతో 1980లలో కొన్ని జిల్లాల్లో చిన్నగా మొదలై, 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతా నడిచింది. దాని ఆరు సూత్రాలు ఇప్పటికీ ఆ కాలం టీచర్లని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పిల్లలకి పని కల్పించాలి, చేస్తూ ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవాలి, ఒంటరిగా జట్టుగా తరగతంతా కలిసి పనిచేయాలి, ఒక్కో పిల్లాడి తేడాల్ని గమనించాలి, స్థానిక పరిసరాల్ని వాడాలి, పిల్లలు చేసినవాటిని గోడలకి పెట్టి తరగతిని ఆకర్షణగా ఉంచాలి. నిజం చెప్పండి, ఇవాళ ఏ ఇంటర్నేషనల్ స్కూలు బ్రోచరులోనైనా ఇంతకంటే ఎక్కువేం ఉంటుంది? మండువేసవిలో లక్షల్లో ఫీజు కట్టి కొనే సరుకు ముప్ఫై అయిదేళ్ళ కింద మా సర్కారు బడి టీచర్లకి శిక్షణలో ఇచ్చారు.

అమలు? మాకు గుర్తున్నది గోడకి కట్టిన దారాలు. వాటికి వేలాడే ఆకులు, కాగితప్పువ్వులు. వారానికోసారి గుండ్రంగా కూర్చోబెట్టేవాళ్ళు. గుండ్రంగా కూర్చుని ఒకడు చెప్తే అందరం ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళం. అంతకుముందు వరసల్లో కూర్చుని చేసిన పనే, ఇప్పుడు వృత్తంలో. యూఐ మారింది, బ్యాకెండ్ అదే. 'స్థానిక పరిసరాలు' అంటారా, మా ఊరికి దగ్గర్లోనే బిలస్వర్గం గుహలున్నాయి. 1844లో న్యూబోల్డ్ వాటి గురించి రాశాడు, 1883-84లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకూ అక్కడ తవ్వి ఎముకలు బయటికి తీశారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి చూసిపోతారు. ఐదేళ్ళలో మమ్మల్ని ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. నేను మొదటిసారి చూసింది ఇంజనీరింగ్ అయ్యాక, స్నేహితుడి బైకు మీద.

1996లో డీపెప్ వచ్చింది. మొదటి విడత ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. టీచరుకి ఏడాదికి 500 రూపాయలు, బోధనా సామగ్రి తనే తయారుచేసుకోటానికి. టీఎల్ఎం అనే మాట అప్పుడే జనంలోకి వచ్చింది, టీఎల్ఎం మేళాలు కూడా. మా సారు అట్టముక్కలతో పులిజూదం బోర్డు చేసి, పులి ఒక మేకని తినాలంటే కూడిక చెప్పాలి అని పెట్టారు. అది నా ఐదో తరగతి ఆఖర్లో. మొత్తం చదువులో నాకు బాగా గుర్తున్న మూడు వారాలు అవి. తర్వాత ఆయనకి బదిలీ అయింది. బోర్డు ఆకుపచ్చ పెట్టెలోకి పోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడే మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ అనే దంపతులు చుట్టూ ఉన్న పల్లెల్లో ఒంటి టీచరు బడులు పెట్టి వేరే దారిలో పోతున్నారు. వాళ్ళు చేసింది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన బుర్రకి బాగా ఎక్కే డిజైను.

ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతులు. టీచరు ఒకే పాఠం అందరికీ చెప్పటం అసాధ్యం. అందుకని పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఒక కార్డు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక నంబరు. ఈ కార్డులన్నీ ఏ వరసలో చేయాలో గోడ మీద ఒక నిచ్చెన. పిల్లాడు పొద్దున్నే వచ్చి నిచ్చెనలో నిన్న ఎక్కడ ఆగాడో చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటాడు. కార్డుని బట్టి ఏ జట్టులో కూర్చోవాలో తెలుస్తుంది. కొన్ని టీచరు దగ్గర, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. జ్వరమొచ్చి పదిరోజులు రాకపోయినా, గొర్రెలు కాయటానికి పోయినా, వచ్చినరోజు వదిలిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. డిపెండెన్సీ గ్రాఫు, చెక్ పాయింట్లు, అసింక్రనస్ పని, మనం గొప్పగా చెప్పుకునేవన్నీ కంప్యూటర్ లేకుండా అట్టముక్కల్లో ఉన్నాయి. 'పెట్టెలో బడి' అన్నారు దాన్ని.

ఇందులో ఆటది ఎక్కడి స్థానం? నాకు ముఖ్యమనిపించింది ఇదే. ఆట అనేది వారానికోసారి వచ్చే వేడుక కాదు, నిచ్చెనలో ఒక మెట్టు. దాని ముందు మెట్టులో కొత్త విషయం పరిచయం, తర్వాత మెట్లలో రాసి సాధన చేయటం, ఆపైన పరీక్ష, రాకపోతే మళ్ళీ చేయించే కార్డు. గింజలతో ఆడినవాడు ఆ లెక్కనే కాగితం మీద అంకెల్లో రాసి తీరాల్సిందే, లేకపోతే పై మెట్టు ఎక్కలేడు.

మనవాళ్ళు దీన్ని ఏజెన్సీలో కొన్ని మాబడుల్లో వాడారు. పొరుగువాళ్ళు మాత్రం గట్టిగా అందుకున్నారు. మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు వచ్చి చూసిపోయి 1995లో 'నలి కలి' మొదలుపెట్టారు. చెన్నై కార్పొరేషన్ కమిషనరుగా ఉన్న ఎం.పి. విజయకుమార్ 2003లో తన టీచర్లని రిషివ్యాలీ పంపి, 13 బడుల్లో మొదలుపెట్టి, మర్నాటి ఏడాదికి కార్పొరేషన్ బడులన్నిట్లోకీ తెచ్చాడు. 2007-08కల్లా తమిళనాడు అంతటా 37 వేల పైచిలుకు బడుల్లో అదే పద్ధతి. ఇంట్లో పుట్టిన దాన్ని పక్కింటివాళ్ళు పెంచుకోవటం మనకి కొత్తేం కాదనుకోండి. అయితే తమిళనాడులో కూడా పైనుంచి ఆర్డరు వేసి ఒకేసారి దించేసరికి, కార్డులు నింపటమే పనైపోయిందని టీచర్లు గొణిగినమాట వాస్తవం.

ఇప్పుడు మావాడి 376 దగ్గరికొస్తాను.

1985లో బ్రెజిల్లోని రెసిఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, అవీ ఇవీ అమ్మే ఐదుగురు పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. బజార్లో బేరంగా అడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతం. ఐదుగురే కదా అని కొట్టిపారేయొచ్చు. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, స్పెల్కీ బృందం 'నేచర్' పత్రికలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల మీద చేసినది వేశారు. అదే ఫలితం. అంగట్లో చిక్కు లెక్కలు నోటితో చేసేవాళ్ళు బడి లెక్క ముందు తెల్లమొహం వేశారు. బడి పిల్లలు దానికి తలకిందులు, పుస్తకం లెక్క చేస్తారు, బేరం లెక్కకి తడబడతారు.

ఇదే స్పెల్కీ, డుఫ్లో వాళ్ళు అంతకుముందు ఢిల్లీలో బడికి వెళ్ళకముందు వయసు పిల్లలతో గణితం ఆటలు ఆడించారు. 2017లో 'సైన్స్'లో వచ్చింది. ఆటలు ఆడిన పిల్లలకి ఏ గుంపులో ఎక్కువున్నాయో చూసి చెప్పటం లాంటివి బాగా వచ్చాయి, ఏడాది దాటినా పోలేదు. కానీ బడిలో చేరాక అంకెల లెక్కల్లో మిగతావాళ్ళకంటే ముందుండలేదు. ఆటకీ అంకెకీ మధ్య వంతెన దానంతటదే పడలేదన్నమాట.

కంప్యూటర్ ఆటలు పెడితే సరిపోతుంది కదా అని మనవాళ్ళకి వెంటనే అనిపిస్తుంది, నాక్కూడా అనిపించింది. వడోదరలో చేశారు అది కూడా. నాలుగో తరగతి పిల్లలకి లెక్కల ఆటలు, స్కోరు 0.47 స్టాండర్డ్ డీవియేషన్ పెరిగింది, చిన్న సంగతి కాదు. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం 0.1 దగ్గరికి జారింది. 2000ల మొదట్లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్ళు తెలుగులో కూడా ఆటల సీడీలు చేసి మన బడులకి ఇచ్చారు. కరెంటు, యూపీఎస్ బ్యాటరీ, సీడీ డ్రైవు, ఈ మూడింటిలో ఏదో ఒకటి పనిచేయక అవి ఎన్నిచోట్ల మూలపడ్డాయో మీకు నేను చెప్పాలా. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. 'జాదూయీ పిటారా' అని 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకి బొమ్మలు, ఆటల పెట్టె తెచ్చింది. లోపల సరుకు మంచిదే. పెట్టె అన్న మాట వినగానే నాకు ఆకుపచ్చ రంగు గుర్తొచ్చింది, ఏం చేయను.

పండగ అయిపోయి బయల్దేరే ముందు మావాడితో ఇంకో రెండు రోజులు ఆడాను. నియమం ఒకటి పెట్టాను. ఎవరు వేసిన పందెం వాళ్ళు బండ మీద బలపంతో రాసి, 500 లోంచి తీసేస్తూ పోవాలి, ముందు సున్నాకి వచ్చినవాడు గెలిచినట్టు. చింతగింజలు పదేసి కట్టి పొట్లాలు, పది పొట్లాలు ఒక సంచి. ఒంట్ల దగ్గర చాలకపోతే పొట్లం విప్పాల్సిందే. మొదటి రోజు 'ఇదేం ఆట మామా' అని మూతి ముడిచాడు. రెండో రోజు మధ్యాహ్నం 302 లోంచి 8 తీయాల్సి వచ్చి, పొట్లాలు చూస్తే ఒక్కటీ లేదు. సంచి విప్పి, అందులోంచి పొట్లం విప్పి, బండ మీద 3ని కొట్టేసి 2 వేసి, సున్నా మీద 9 వేసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చుకుని, ఆ ఎర్ర ఇంటూ మార్కు ఉన్న పేజీ తీశాడు.

ఆ ఆట కూడా నేనే ఓడిపోయాను. బస్సెక్కాక అక్క ఫోన్ చేసింది, చింతగింజల సంచి ఎక్కడ పెట్టావురా, వాడు ఏడుస్తున్నాడు అని.